ఆలస్యం ఎవరు చేశారు?

"ముప్పై ఏళ్ల కిందటి చావులకు ఇప్పుడు శిక్షలేంది? ఊళ్లు కలిసిపోయినయి. చచ్చినోళ్లు రారు, చంపినోళ్లు ముసలోళ్లయిండ్రు. పాత పుండ్లు గెలకకుండ్రి." దళితులను ఊచకోత కోసిన కారంచేడు, చుండూరు పేరెత్తితే చాలు, ఈ మాట వస్తుంది. హనుమకొండలో అదాలత్ నుంచి సుబేదారి వైపు నడిస్తే కోర్టులున్నాయి, కలెక్టరేట్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, ఆర్ట్స్ కాలేజీ ఉంది. చట్టం చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు, చట్టం మీద బతుకుతున్నవాళ్లు ఇంతమంది ఒక్కచోట తిరిగే రోడ్డు మన జిల్లాలో ఇంకోటి లేదు. ఆ రోడ్డు మీద కూడా ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువే. అందుకే ఈ వ్యాసం.

ఈ మాట అనేవాళ్లంతా కుల దురహంకారులు కారు. వాళ్ల వాదనలో బలమైన భాగాన్ని ముందు ఒప్పుకోవాలి. ఏళ్లు గడిస్తే సాక్షికి జ్ఞాపకం మసకబారుతుంది. పంచనామా రాసిన అధికారి చనిపోతాడు. ఎనభై ఏళ్ల మనిషిని జైల్లో వేస్తే సమాజానికి ఒరిగేదేమిటని అడిగితే జవాబు చెప్పాల్సిందే. బాధితులకు ఇళ్లిచ్చారు, ఉద్యోగాలిచ్చారు, పరిహారమిచ్చారు, ఇంకా ఏం కావాలని అడుగుతారు. ఈ ప్రశ్నలన్నీ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. ఆలస్యం దానంతటదే అయిందని, ఎవరి ప్రమేయమూ లేకుండా కాలం గడిచిపోయిందని, ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరని ఆ నమ్మకం. నేను ఖండించేది దాన్నే. ఈ కేసుల్లో ఆలస్యాన్ని మనుషులు చేశారు. చేసినవాళ్లు దానివల్ల లాభపడ్డారు. ఆ లాభాన్ని వాళ్లకే వదిలేయమనడం మధ్యస్థంగా ఉండడం కాదు, ఒక పక్షం వహించడం.

కేసు త్వరగా తేలడమన్నది మన అనుభవంలో లేనిదేమీ కాదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేత్ పట్టణంలో ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఆడమ్ ప్యూరింటన్ అనే శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. మా దేశం నుంచి పొమ్మని అరిచి మరీ కాల్చాడు. శ్రీనివాస్ పక్కన కూర్చుని, గాయపడి బతికిన స్నేహితుడు మన వరంగల్ వాడే. అడ్డుపడబోయిన ఒక అమెరికన్ యువకుడికీ తూటాలు తగిలాయి. ఆ వారం మన ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా అదే మాట. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు రాత్రిళ్లు ఫోన్లు చేసి మాట్లాడుకున్నారు. చర్మం రంగు చూసి చంపడం మామూలు హత్య కాదని, దానికి వేరే పేరుండాలని, వేరే శిక్ష ఉండాలని అందరూ అన్నారు. 2018 మే నెలలో రాష్ట్ర కోర్టు ప్యూరింటన్‌కు యావజ్జీవ శిక్ష వేసింది. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ కోర్టు విద్వేష నేరాల కింద మళ్లీ యావజ్జీవాలు వేసింది. రెండు కోర్టులు, ఏడాదిన్నర.

అప్పుడు మనం అన్న ప్రతి మాటా న్యాయమైనదే. పుట్టుకను చూసి చంపితే అది ఒక మనిషిని చంపడంతో ఆగదు. ఆ పుట్టుక ఉన్నవాళ్లందరినీ బెదిరించడం అవుతుంది. ఈ సంగతి కాన్సస్ విషయంలో మనకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు దగ్గరికి వచ్చేసరికి అదే మనకు ఎందుకు అర్థం కాకుండా పోతోంది?

చుండూరు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆలస్యం ఎట్లా తయారవుతుందో అక్కడ కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదు. 1991 జూలై 4న చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. అక్కడ మొదలైన తగవు ఊరంతా పాకి సాంఘిక బహిష్కరణగా మారింది. మాలపల్లె వాళ్లను పొలం పనులకు పిలవడం మానేశారు. ఊళ్లో పోలీసు పికెట్ పెట్టారు. ఆగస్టు 6న పోలీసులు మాలపల్లెలోకి వచ్చి, దాడి జరగబోతోంది, మగవాళ్లంతా పారిపొమ్మని చెప్పారని అక్కడి ప్రజలు మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చారు. పారిపోయినవాళ్లు పొలాల్లోకి పోయారు. కత్తులు, గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లు ఆ పొలాల్లోనే కాచుకుని ఉన్నారు. ఎనిమిది మందిని నరికారు. కొన్ని శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఇళ్ల దగ్గర మిగిలిన ఆడవాళ్లు తమవాళ్లు ఎక్కడో దాక్కుని ఉంటారనే ఆశతో ఎదురుచూశారు. శవాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా దొరికాయి. సెప్టెంబరులో శిబిరంలో ఉన్న ఒక దళిత యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. చుండూరు దళితులు తమవాళ్లను శ్మశానానికి తీసుకుపోలేదు. ఊరి నడుమనే పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు.

ఇక కేసు. 1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. దాని వెనుక 1985 నాటి కారంచేడు ఉంది. ప్రత్యేక కోర్టులు కావాలని చట్టంలో రాసింది వేగం కోసమే. చుండూరు దళితులు కోర్టు తమ ఊళ్లోనే కూర్చోవాలని పట్టుబట్టి సాధించుకున్నారు. నేరం జరిగిన ఊరికే కోర్టును రప్పించడం ఈ చట్టం కింద అంతకు ముందెన్నడూ లేదు. అయినా విచారణ మొదలవడానికి పదమూడేళ్లు పట్టింది. కోర్టు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు వాదించాలి అనే తగాదాలు పై కోర్టుల దాకా పోయాయి. 2000లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచే వచ్చిన గంగుల అశోక్ కేసులో, ప్రత్యేక కోర్టు కేసును నేరుగా తీసుకోకూడదని, ముందు మేజిస్ట్రేటు దగ్గరికి పోయి అక్కడి నుంచి కమిట్ అయి రావాలని చెప్పింది. ఆ తీర్పుతో ఈ చట్టం కింద నడుస్తున్న ఎన్నో కేసులు మళ్లీ మొదటి మెట్టుకు దిగాయి. పదిహేనేళ్ల తర్వాత పార్లమెంటు చట్టాన్ని సవరించి, 2016 జనవరి 26 నుంచి ప్రత్యేక కోర్టుకు నేరుగా కేసు తీసుకునే అధికారం ఇచ్చింది. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ ముగియాలని, అప్పీలు మూడు నెలల్లో తేలాలని అదే సవరణలో రాసింది. వేగం సాధ్యమేనని చట్టం చేసినవాళ్లకు తెలుసన్నమాట.

2007 జూలై 31న చుండూరు ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. మొత్తం నిందితుల్లో 33 మంది అప్పటికే చనిపోయారు. ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ బి. చంద్రశేఖర్ ఏళ్ల తరబడి ఆ కేసు మోశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ధర్మాసనం ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో, ఎవరిని చంపారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని చెప్పింది. అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

ఆ కారణాన్ని మళ్లీ ఒకసారి చదవండి. పోలీసుల హెచ్చరికతో పల్లె ఖాళీ అయింది. పొలాల్లో వేటాడారు. శవాలను సంచుల్లో కట్టి నీళ్లలో వేశారు. ఇట్లాంటి దాడిలో చావు సమయం నిమిషాలతో చెప్పగల సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు? పారిపోతూ వెనక్కి తిరిగి చూసినవాడు కత్తి పట్టినవాళ్లలో ఎంతమందిని గుర్తుపడతాడు? సాక్ష్యం మిగలకుండా ఉండేటట్టు చేసిన దాడి అది. పదమూడేళ్ల తర్వాత బోనెక్కిన మనిషి చెప్పిన దానికీ, మొదట చెప్పిన దానికీ తేడా ఉందని అతన్నే తప్పుపడితే, ఆ పదమూడేళ్లను ఎవరి ఖాతాలో వేయాలి? సాక్షి ఖాతాలోనా?

సాక్షి పరిస్థితి ఏమిటో చూడాలంటే ఏదో ఒక వాయిదా రోజు పొద్దున అదాలత్ దగ్గర నిలబడితే చాలు. పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చిన మనిషి సంచీలో సమన్ల కాగితం, అన్నం డబ్బా పెట్టుకుని చెట్టుకింద కూర్చుంటాడు. ఆ రోజు కూలి పోయింది. రానూపోనూ బస్సు ఛార్జీ పోయింది. అటెండరు పేరు పిలుస్తాడు. డిఫెన్స్ వకీలు ఇంకో కోర్టులో ఉన్నాడంటారు, టైము అడుగుతారు, కాగితం మీద ఇంకో తారీఖు పడుతుంది. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఊరి పెద్దమనిషి ఎదురొచ్చి, ఎందుకు బిడ్డా ఈ తిరుగుడు, ఎంతో కొంత ఇప్పిస్త, రాజీ పడు అంటాడు. అదే మనిషి పొలంలో రేపు కూలికి పోవాలి. ఇట్లా ఏళ్ల తరబడి తిరిగిన తర్వాత ఒకరోజు అతను బోనెక్కి, నాకు గుర్తులేదు సార్ అంటాడు. పీపీ అతన్ని హోస్టైల్‌గా ప్రకటించమంటాడు. కేసు కొట్టేస్తారు. మర్నాడు ఎవరో ఒకరు అంటారు, అంతా దొంగ కేసులే అని.

కొట్టేసిన కేసంటే అబద్ధపు కేసేనన్న వాదన ఎంత దూరం పోయిందో 2018లో చూశాం. ఆ ఏడాది మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం దుర్వినియోగమవుతోందంటూ, అరెస్టుకు ముందు అనుమతులు, ప్రాథమిక విచారణ ఉండాలని తీర్పిచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. పార్లమెంటు చట్టాన్ని మళ్లీ నిలబెట్టింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. విడుదలల సంఖ్యలో భయపడిన సాక్షుల భాగమెంతో, సాగదీసిన దర్యాప్తు భాగమెంతో లెక్కలోకి తీసుకోకుండా, ఆ సంఖ్యను బాధితుల మీదనే సాక్ష్యంగా వాడారు.

దర్యాప్తు సంగతికి వాకపల్లి చాలు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ పల్లెలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ మహిళలు చెప్పారు. కేసు విచారణకు రావడానికే పదేళ్లు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ కోర్టే చెప్పింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. నిందితులు పోలీసులు, దర్యాప్తు చేసింది పోలీసులు. ఆ దర్యాప్తు లోపం వల్ల లాభపడిందీ పోలీసులే. అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షను, కావాలని విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉండాలంటుంది. ఆలస్యం నేరమయ్యే సందర్భాలుంటాయని ఆ సెక్షను రాసినవాళ్లు గుర్తించారు.

అంతులే కేసులో 1991లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం త్వరిత విచారణ నిందితుడి హక్కు అని చెబుతూనే, ఆలస్యానికి బాధ్యులెవరన్నది ముందు చూడాలని చెప్పింది. మన సంభాషణల్లో తప్పిపోతున్నది ఆ ప్రశ్నే. హత్యకు మన చట్టంలో కాలపరిమితి లేదు. మూడేళ్ల లోపు శిక్ష పడే చిన్న నేరాలకు మాత్రమే పరిమితి ఉంది. ముప్పై ఏళ్లయింది కాబట్టి వదిలేయండి అని చట్టం ఎక్కడా అనలేదు. అది మన నోళ్లలో పుట్టిన సెక్షను.

ఇప్పుడు మన ఊరి మాట. ఈ వాదనకు తోడు ఇంకోటి ఇక్కడ వినిపిస్తుంది: కోర్టులు ఇంతే, మామునూరు లాంటిదే మేలు అని. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారన్న ఆరోపణతో పట్టుబడిన ముగ్గురు యువకులు, రోజుల తేడాలోనే ఊరి శివార్లలో మామునూరు దగ్గర పోలీసు తూటాలకు చనిపోయారు. ఎస్పీకి పూలదండలు వేశారు, స్వీట్లు పంచారు. ఆ ఆడపిల్లల బాధ నిజం, కోపం నిజం. అదే డిసెంబరులో సుప్రీంకోర్టు కారంచేడు కేసులో తుది తీర్పు చెప్పింది. ఇరవై మూడేళ్ల తర్వాత వచ్చిన ఆ తీర్పు గురించి మన ఊళ్లో చర్చ జరిగిన గుర్తు నాకు లేదు.

కారంచేడులో జరిగిందేమిటి? 1985 జూలై 16న దళితుల మంచినీళ్ల చెరువులో భూస్వాముల కుర్రాళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగారు. అదేమిటని అడిగిన యువకుణ్ని కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు తెల్లవారాక వందల మంది మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల పోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరంలోంచే ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దాన్ని నడిపారు. తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి వచ్చారు. కేసు సాగుతుండగా సాక్షి దుడ్డు అలీసమ్మను చంపేశారు. 1989లో పీపుల్స్‌వార్ దళం ఈ కేసులో నిందితుడైన దగ్గుబాటి చెంచురామయ్యను కాల్చి చంపింది. కింది కోర్టు శిక్షలు, హైకోర్టు కొట్టివేతలు దాటి 2008లో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలు వేసింది.

చెంచురామయ్యను దళం చంపినప్పుడు న్యాయం జరిగిందని సంబరపడ్డవాళ్లున్నారు. వరంగల్‌కు ఆ సంబరమూ తెలుసు, మామునూరు సంబరమూ తెలుసు. నా అభ్యంతరం రెండింటి మీదా ఒకటే. తూటా నేరాన్ని రుజువు చేయదు. చంపబడ్డ నిందితుడి మీద ఎవరూ సాక్ష్యం చెప్పలేరు, ఎవరూ తీర్పు రాయలేరు. కారంచేడులో పథకం వేసిందెవరు, నాయకత్వం వహించిందెవరు, ఆ రోజు పోలీసులు ఎక్కడున్నారు అనే ప్రశ్నలకు బోనులో జవాబు రావాల్సింది. తుపాకీ ఆ జవాబును శాశ్వతంగా మూసేసింది. 2008 తీర్పు ఆలస్యంగా వచ్చినా, శిక్షలు తక్కువైనా, చేసినవాళ్లు వీళ్లేనని దేశపు అత్యున్నత న్యాయస్థానం పేర్లు పెట్టి రాసింది. సువార్త బిందె ఎత్తినందుకు ఊరిమీద పడ్డారన్న మాట ఇక ఒక పక్షం కథ కాదు.

ఆలస్యమైతే సాక్ష్యం చచ్చిపోతుందనేది కూడా పూర్తి నిజం కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల చరిత్ర చూడండి. మిసిసిపీలో నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను 1963 జూన్ 12న ఇంటి ముందే కాల్చి చంపారు. 1964లో రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. బైరన్ డి లా బెక్‌విత్ స్వేచ్ఛగా తిరిగాడు. ఎవర్స్ భార్య మర్లీ వదల్లేదు. కేసు మళ్లీ తెరిచినప్పుడు, పోయిందనుకున్న ఆ రైఫిలు ఒకప్పటి జడ్జి ఇంట్లో దొరికింది. ఎవర్స్ శవాన్ని సమాధి నుంచి తీసి మళ్లీ పరీక్షించారు. 1994లో బెక్‌విత్‌కు యావజ్జీవం పడింది. ముప్పై ఏళ్లుగా ఆయుధం ఎక్కడుందో ఆలోచించండి. న్యాయవ్యవస్థ ఇంట్లోనే ఉంది.

బర్మింగ్‌హామ్‌లో 1963 సెప్టెంబరు 15న చర్చిలో బాంబు పెట్టి నలుగురు నల్లజాతి ఆడపిల్లలను చంపారు. ఎఫ్‌బీఐ దగ్గర నిందితుల మాటలు రికార్డు చేసిన టేపులున్నాయి. వాటిని బయటపెట్టకుండానే ఆ కేసు మూసేశారు. ఒకరికి 1977లో, మరో ఇద్దరికి 2001లో, 2002లో శిక్షలు పడ్డాయి. ఆ చివరి విచారణల్లో పాత టేపులే పనికొచ్చాయి. 1964లో మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపించిన ఎడ్గర్ రే కిలెన్‌కు 2005లో, సరిగ్గా నలభై ఒకటో ఏట, ఎనభై ఏళ్ల వయసులో అరవై ఏళ్ల శిక్ష వేశారు. అతను జైల్లోనే చనిపోయాడు. సాక్ష్యం చావలేదు, తొక్కిపెట్టారు. తొక్కిపెట్టిన చెయ్యి తీసేసిన రోజు అది బయటికి వచ్చింది.

అమెరికాను ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. హత్యకు గురైన నల్లజాతి బాలుడు ఎమ్మెట్ టిల్ పేరు మీద 2008లో చేసిన చట్టం కింద పాత కేసులు నూటికి పైగా తిరగేసి, చాలావరకు శిక్షలు లేకుండానే మూసేశారు. టిల్ కేసే 2021లో మూతపడింది. అయినా మూసేటప్పుడు ఏం జరిగిందో రాసి మూశారు.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. 1987లో మీరట్ దగ్గర హాషింపురా నుంచి ముస్లిం యువకులను పీఏసీ సాయుధ పోలీసులు లారీలో తీసుకుపోయి కాలువల దగ్గర కాల్చి చంపారు. 2015లో కింది కోర్టు అందరినీ వదిలేసింది. 2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు 16 మందికి యావజ్జీవం వేసింది, ముప్పై ఒక్క ఏళ్లకు. తమిళనాడు వాచాతిలో 1992లో ఆదివాసీల మీద అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది చేసిన దాడికి 2011లో బతికున్న 215 మంది ఉద్యోగులనూ దోషులని తేల్చారు. 2023లో మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. వాచాతి ఆదివాసీ ఆడవాళ్లు పందొమ్మిదేళ్లు నిలబడి చెప్పిన సాక్ష్యాన్ని కోర్టు నమ్మింది. వాకపల్లి ఆడవాళ్ల సాక్ష్యానికి అట్లాంటి దర్యాప్తే దొరికి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న నన్ను వదలదు.

ఇక ఊళ్లు కలిసిపోయాయన్న మాట. ఆ మాట ఎవరు చెబుతున్నారో గమనించండి. కారంచేడు మాదిగలు చాలామంది కారంచేడులో లేరు. చీరాలలో వాళ్లకోసం కట్టిన విజయనగర్ కాలనీలో ఉన్నారు. ఊరు విడిచిపోయినవాళ్లను లెక్కలో నుంచి తీసేసి, మిగిలినవాళ్లు కొట్లాడుకోవడం లేదు కాబట్టి శాంతి వచ్చిందనడం నాకు సమ్మతం కాదు. పరిహారం, ఇళ్లు, ఉద్యోగాలు చట్టం ప్రకారం బాధితుడికి రావాల్సినవి. శిక్షకు బదులుగా ఇచ్చేవి కావు. కాన్సస్‌లో శ్రీనివాస్ కుటుంబానికి విరాళాలు వచ్చాయి. అందుకని ప్యూరింటన్‌ను వదిలేయమని మనలో ఎవరైనా అన్నామా?

ముసలివాళ్లను జైల్లో వేసి ఏం లాభమన్నదానికి కూడా సూటిగానే జవాబిస్తాను. లాభం శిక్ష పొడవులో లేదు. నేరం చేసి, సాక్షులను బెదిరించి, వాయిదాల మీద వాయిదాలు తెచ్చుకుని, వయసు మీదపడేదాకా లాగితే తప్పించుకోవచ్చన్న లెక్క ఒకటి ప్రతి ఊళ్లో ఉంది. కిలెన్‌కు పడ్డ శిక్ష ఆ లెక్కను తప్పని రుజువు చేసింది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను చంపించినప్పుడు ఆ లెక్క మళ్లీ పనిచేసింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవాళ్లకు యావజ్జీవం వేసేసరికి ఆరున్నరేళ్లు పట్టింది. మన దగ్గర దాన్ని త్వరగా తేలిన కేసంటున్నాం. రెండు నెలల్లో తేలాలని చట్టంలో ఉన్నా అట్లా అనగలుగుతున్నాం. నేను మరణశిక్షను కోరను. కావాల్సింది నిజం తేలడం, అదీ సాక్షి బతికుండగానే తేలడం.

ఇప్పుడు చేయాల్సిన పనులున్నాయి. చుండూరు, వాకపల్లి లాంటి కేసుల్లో ఏ తారీఖున ఎవరు వాయిదా అడిగారు, ఎందుకిచ్చారు, ఎన్నాళ్లు స్టే ఉంది, దర్యాప్తు అధికారి ఏం చేయలేదు అనే వివరాలతో ఒక పట్టిక తయారుచేసి ప్రజల ముందు పెట్టాలి. కావాలని సాగదీసిన అధికారుల మీద నాలుగో సెక్షను కింద కేసులు పెట్టాలి. సాక్షులకు దారి ఖర్చులు, పోషణ ఖర్చులు, రక్షణ ఇవ్వాలని చట్టంలో 15ఏ సెక్షను చెబుతోంది. అది ప్రతి వాయిదాకూ చేతికందాలి. అదాలత్ చెట్టుకింద కూర్చున్న మనిషి దాన్ని అడుక్కునే పరిస్థితి ఉండొద్దు.

ఇంకో పని సుబేదారిలోనే చేయవచ్చు. కోర్టు రికార్డులు గడువు తీరితే తీసి పారేస్తారు. ఎమ్మెట్ టిల్ కేసు విచారణ ప్రతి దశాబ్దాల పాటు కనపడకుండా పోయి 2004లో దర్యాప్తు మళ్లీ మొదలుపెట్టాకే దొరికింది. కారంచేడు, చుండూరు కేసుల వాంగ్మూలాలు, పంచనామాలు, పోస్టుమార్టం నివేదికలు, మూడు అంచెల తీర్పులు తెచ్చి మన లా కాలేజీ లైబ్రరీలో ఒక గదిలో పెట్టాలి. మన జిల్లాల్లో ఈ చట్టం కింద తేలిన కేసుల రికార్డులూ అక్కడికే చేరాలి. మూడో సంవత్సరం పిల్లలు మూట్ కోర్టుకు కల్పిత కేసులు కాకుండా ఆ ఫైళ్లు తీసుకుని, ప్రాసిక్యూషన్ వైపు నుంచి ఒకసారి, డిఫెన్స్ వైపు నుంచి ఒకసారి వాదించాలి. యూనివర్సిటీ పూనుకుంటే వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.